డీ డ్రైవ్‌కు ఏమీ కాదని ఎవరు చెప్పారు?

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే కొత్త లినక్స్ వేసుకోమనే సందేశం ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. భీమవరం నుంచి మా మేనమామ పంపారు, పాలకొల్లులో కలిసి చదువుకున్న మిత్రులు పంపారు, తణుకులో ఉన్న వియ్యంకులు కూడా పంపారు. పంపిన వారిలో ఒక్కరూ అందులో చెప్పినది చేసి చూడలేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కనుక ఏ పాత ల్యాప్‌టాప్‌లోనైనా పది నిమిషాల్లో సరికొత్త లినక్స్ వేసుకోవచ్చట. సీ డ్రైవ్ మాత్రమే మారుతుందట, డీ డ్రైవ్‌లోని ఫైళ్లకు ఏమీ కాదట. వైరస్ రాదు కనుక అప్‌డేట్లు అక్కరలేదట. తెలుగు రాదట, డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు తయారు చేసే పని, కుదరదట.

పది నిమిషాల మాటను వదిలేస్తున్నాను. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత యంత్రంలో అంతకు చాలా రెట్లు పడుతుంది, అయినా దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

‘ఏ ల్యాప్‌టాప్ అయినా’ అన్నది తప్పు. 32 బిట్ ప్రాసెసర్ మాత్రమే ఉన్న బాగా పాత యంత్రాలను లినక్స్ రకాలైన ఉబుంటు, మింట్ ఎప్పుడో వదిలేశాయి. చివరిదాకా ఆదుకున్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలతో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. 64 బిట్ అయితే సరిపోదు, ర్యామ్ చూడాలి. ఉబుంటు 24.04 హాయిగా నడవాలంటే 4 జీబీ ఉండాలి, 2 జీబీ ఉన్నవారు లుబుంటు లాంటి తేలికపాటిది చూసుకోవాలి. ఇప్పటికే ఉబుంటు 20.04 వాడుతున్నవారు అప్‌గ్రేడ్ దారిలో నేరుగా 24.04కు వెళ్లలేరు, మధ్యలో 22.04 మెట్టు ఎక్కాల్సిందే. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు మొదట పనిచేయవు. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ ఇచ్చి, డ్రైవర్ దించుకోవాలి.

ఇక డీ డ్రైవ్. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను.

మన ఊళ్లలో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక నమ్మకం పాతుకుపోయింది: ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో పెట్టుకుంటే భద్రం. విండోస్ మళ్లీ వేసేటప్పుడు బాగుచేసే కుర్రాడు సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాడు కనుక ఇన్నేళ్లూ అది నిజమే అనిపించింది. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్కును గట్లు గీసి విడదీసిన ముక్కలు. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో ‘డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి’ అన్నది ఎంచుకుంటే సీ, డీ తేడా ఉండదు, ఆ గట్లతో సహా అన్నీ పోతాయి. ఆ ఎంపిక పేరులోనే ఆ మాట ఉంది. డీ డ్రైవ్‌కు ఏమీ కాదని ముందే నమ్మించేస్తే దాన్ని చదివేది ఎవరు?

ఉండి దగ్గర చేపల చెరువులు చేసే మా పెద్దమ్మ కొడుకు చదవలేదు. నాలుగేళ్ల మేత లెక్కలు, సీడ్ ఖర్చు, ప్రతి పట్టుబడికీ ఎంత బరువు తూగింది, ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలి, అన్నీ డీ డ్రైవ్‌లోనే ఉండేవి. వాటి పక్కనే కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు. రాత్రి పదింటికి ఫోను చేసి, “తమ్ముడూ, డీ కనిపించడం లేదు, ఎక్కడ దాక్కుంది?” అని అడిగాడు. దాక్కోలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు వెళ్లి, చెరిగిన ఫైళ్లను వెతికే ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌తో రెండు రోజులు వెతికాను. పాత హార్డ్ డిస్క్ కాబట్టి కొన్ని ఫోటోలు దొరికాయి, అవీ పేర్లూ వరుసా లేకుండా. తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే ఆ మాత్రం ఆశ కూడా ఉండేది కాదు. లెక్కల ఫైలు తెరుచుకోలేదు. బాకీ ఉన్న వ్యాపారి ఇప్పుడు, “కాగితం చూపించండి” అంటున్నాడు. ఈ సందేశం తయారు చేసిన మహానుభావుడు వచ్చి ఆ కాగితం చూపిస్తాడా?

విండోస్‌ను ఉంచి పక్కన లినక్స్ వేసుకునే మార్గం ఉంది. దానికీ పార్టిషన్‌ను, అంటే డిస్కులోని ముక్కను, కుదించాలి. కుదిస్తుండగా కరెంటు పోతే? పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ ఐదు నిమిషాలు ఆగదు, వానాకాలంలో మన కరెంటు సంగతి నేను చెప్పాలా? అందుకే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించండి, దాన్ని మరో కంప్యూటర్‌కు తగిలించి అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి నడిపి చూడండి. ఉబుంటు, మింట్ రెండింటికీ ఆ వీలుంది. డిస్కును ముట్టుకోకుండానే వైఫై, శబ్దం, తెర వెలుతురు పనిచేస్తున్నాయో తెలిసిపోతుంది.

అప్‌డేట్లు అక్కరలేదన్న మాటకు ఒక్కటే జవాబు. విండోస్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయనేగా ఈ సందేశం మొదలైంది! అక్కడ ప్రమాదమైనది ఇక్కడ అక్కరలేనిది ఎలా అవుతుంది?

తెలుగు రాదనడం అబద్ధం. నేరుగా తెలుగు అక్షరాలు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులనూ జోడించుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి.

డీటీపీ గురించి మాత్రం ఆ సందేశం చెప్పింది నిజం. నేను కాదందామని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసేవారికి లినక్స్ ఇప్పటికీ సరిపోదు. వాళ్లు ఆ యంత్రాన్ని నెట్‌కు తగిలించకుండా విండోస్‌తోనే నడుపుకోవడం మేలు.

ఏడోసారి పంపబోయేవారిని కోరేది ఇదే: డీ డ్రైవ్ వాక్యం తీసేసి, దాని చోట ‘ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించండి’ అని రాసి పంపండి. అలా వస్తే నేనూ నలుగురికి పంపుతాను.