తుపాకీకి తగ్గింపు ధరా?

నీలం పూల దుప్పటి. దాని మీద నల్లటి పిస్టల్, పక్కన తూటాలు నింపే రెండు మ్యాగజైన్లు, వరుసగా పేర్చిన ఏడు తూటాలు. కింద నాలుగు ముక్కలు: ‘కొత్త సామాన్. ముప్పై ఐదు వేలు. రెండు తీసుకుంటే తగ్గిస్తాం. ఎల్‌బీ నగర్ దాకా డెలివరీ.’ మా పాఠకుడొకరు కొడుకు ఫోన్‌లో ఇది చూసి, స్క్రీన్‌షాట్ తీసి మాకు పంపారు. ఆ అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఎందుకురా ఇది అని నిలదీస్తే, ‘ఊరికే చూశాను డాడీ, చాలా చీప్‌గా వస్తోందని’ అన్నాడట.

ఆ తండ్రికి రెండు రోజులు నిద్ర పట్టలేదు. తుపాకీ అమ్మేవాడు ఉన్నాడని తెలియడం వల్ల కాదట, కొడుకు నోట వచ్చిన ‘చీప్’ అన్న మాట వల్లనట. మమ్మల్ని కలవరపెట్టిందీ ఆ మాటే. జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్‌కు బేరమాడినట్టు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫ్యాన్‌కు బేరమాడినట్టు, మన హైదరాబాద్ నగరంలో కుర్రాళ్లు తుపాకీ ధరను పోల్చి చూస్తున్నారు. ఎంత తగ్గిస్తావని అడుగుతున్నారు. ఎందుకు చవకగా ఇస్తున్నావని మాత్రం ఒక్కడూ అడగడం లేదు.

అడగాల్సింది అదే. ఎందుకు చవక?

కాన్పూర్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ రివాల్వర్ తెచ్చినప్పుడు దాని ధర దాదాపు 1.22 లక్షల రూపాయలు. డబ్బుంటే చాలదు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు. తుపాకీని ఎలా పట్టుకోవాలో, ఎలా భద్రపరచాలో శిక్షణ తీసుకోవాలి. లైసెన్సుదారు వివరాలు జాతీయ డేటాబేస్‌కు ఎక్కుతాయి, ఒక ప్రత్యేక సంఖ్య వస్తుంది. ఆబిడ్స్ వైపు ఉన్న ఏ లైసెన్సు దుకాణానికి వెళ్లినా ఆ కాగితాలు చూడకుండా తుపాకీ చేతికివ్వరు, అమ్మిన ప్రతి తూటాకూ లెక్క రాసుకుంటారు. తుపాకీ మీద తయారీదారు పేరు, నంబరు చెక్కి ఉంటాయి. రేపు ఆ తుపాకీ ఎక్కడైనా పేలితే ఎవరిదో ఆ నంబరు చెబుతుంది.

దుప్పటి మీది పిస్టల్‌కు ఇవేవీ లేవు. అందుకే చవక. తగ్గిన ప్రతి రూపాయి వెనుకా ఎవరో తీసి పక్కన పడేసిన ఒక తనిఖీ ఉంది. తుపాకీ కొనడం కష్టంగా ఉండటం ఏ గుమాస్తా బద్ధకం వల్లో వచ్చింది కాదు, చట్టం తెలిసి తెలిసి పెట్టిన కష్టం అది. మన పిల్లలు బడి నుంచి క్షేమంగా ఇంటికి రావడంలో ఆ కష్టానికి కూడా వాటా ఉంది.

నాటు తుపాకీ ఎలా తయారవుతుందో కొనేవాడికి తెలుసా? వాహనాల స్టీరింగ్ రాడ్డును కోసి, గొట్టంగా మలిచి, రైఫిల్ తూటా పట్టేలా సాన పెట్టిన నాటు తుపాకులు ఎన్నోసార్లు దొరికాయి. ఫ్యాక్టరీలో గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో పేల్చి పరీక్షించాకే ముద్ర వేస్తారు. ఇక్కడ ఆ పరీక్ష కొన్నవాడి చేతిలోనే జరుగుతుంది. గొట్టం పగిలితే ముందు పోయేది వాడి వేళ్లు, ఆ తరువాత కళ్లు. ఆస్పత్రికి వెళ్లి ఏమైందని చెబుతాడు?

ఇక చట్టం. ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి శిక్షలు పెంచారు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. అక్రమంగా తయారు చేసినా, అమ్మినా కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వారు తుపాకీ కొనడానికే వీల్లేదు. ఆ ఇంజినీరింగ్ కుర్రాడికి ఇంకా ఇరవయ్యే. చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. నంబరు చెరిపేసిన తుపాకీ నీ దగ్గర దొరికితే, చెరిపింది నువ్వేనని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం నీదే. అమ్మినవాడు ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవుతాడు, వాడు చేసిన పని కూడా కొన్నవాడి నెత్తికి చుట్టుకుంటుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఈ చవక సరుకు నగరాన్ని ఎక్కడికి తెచ్చిందో మళ్లీ వివరంగా చెప్పక్కర్లేదు. 2022 మార్చిలో ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్ల హత్య. 2025 జనవరిలో బీదర్‌లో దోచుకుని వచ్చిన దొంగలు అఫ్జల్‌గంజ్‌లో జరిపిన కాల్పులు. ఆ తరువాత పక్షం రోజులకే గచ్చిబౌలిలో పబ్ దగ్గర దొంగను పట్టుకోబోయిన పోలీసు కాల్లోకి తూటా. అదే ఏడాది జూలైలో మలక్‌పేట శాలివాహన నగర్ పార్కులో పొద్దున్నే నడకకు వచ్చిన రాజకీయ నాయకుడి హత్య. ఇబ్రహీంపట్నం, గచ్చిబౌలి కేసుల్లో తుపాకులు బిహార్ నుంచి వచ్చాయని పోలీసులే చెప్పారు.  వెయ్యి కిలోమీటర్లకు పైగా దారి పొడవునా ఎవరూ అడగలేదు.

భూ తగాదాల్లో బెదిరింపులు వచ్చేవారికి, నగలు మోసుకు తిరిగే వ్యాపారులకు ఆత్మరక్షణ అక్కర్లేదా, లైసెన్సు అడిగితే నెలల తరబడి తిప్పుతున్నారు కదా అని కొందరంటారు. ఫైలు ఆలస్యమైతే ఆ ఫైలు మీద పోరాడండి. ఆలస్యాన్ని సాకుగా చూపి దొంగ సరుకు కొంటే, నిన్ను బెదిరించినవాడికీ నీకూ తేడా ఏం మిగులుతుంది? వాడు కొన్నదీ అక్కడే, బహుశా అదే ధరకు.

తుపాకీతో ఆగడం లేదు ఈ బేరం. సైలెన్సర్, స్కోప్, లేజర్ లైటు, హోల్‌స్టర్ అంటూ వచ్చే ఆఫర్లు చూస్తే బొమ్మల దుకాణం గుర్తొస్తుంది. హోల్‌స్టర్ తోలు సంచీయే, దానితో ఎవరికీ ప్రాణాపాయం లేదు. కానీ సైలెన్సర్ సంగతి వేరు. శబ్దాన్నీ మెరుపునూ తగ్గించే ఆ గొట్టాన్ని మన చట్టం విడిభాగంగా చూడదు, దాన్నీ తుపాకీగానే లెక్కేస్తుంది. తుపాకీ లేకుండా ఉత్త సైలెన్సర్ ఇంట్లో దొరికినా తుపాకీ దొరికినట్టే. ‘యాక్సెసరీయే కదా అంకుల్’ అన్న మాట కోర్టులో పనికిరాదు.

విడిభాగం అంటే చిన్నదని అనుకునేవారు లాస్ వేగాస్‌ను గుర్తు చేసుకోవాలి. 2017 అక్టోబర్ 1న హోటల్ కిటికీలోంచి సంగీత కచేరీ మీద కాల్పులు జరిపినవాడు తన రైఫిళ్లకు బంప్ స్టాక్ అనే ముక్క తగిలించాడు. ఒక్కో తూటా కాల్చే తుపాకీ దానివల్ల మెషిన్ గన్‌లా కురిసింది. దుకాణంలో మామూలుగా అమ్మిన ముక్కే అది. ఆ తరువాత అమెరికా ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

అమెరికా ప్రస్తావన ఊరికే తేలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్, కూకట్‌పల్లి ఇళ్ల నుంచి వేలమంది పిల్లలు అక్కడ చదువుతున్నారు. అక్కడ తుపాకీ నిజంగానే సేల్‌లో దొరికే వస్తువు. నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడే వస్తే టీవీల మీద, బూట్ల మీద ఇచ్చినట్టే తుపాకుల మీదా డిస్కౌంట్లు ఇస్తారు. 2017 బ్లాక్ ఫ్రైడే ఒక్క రోజే తుపాకీ కొనుగోళ్ల కోసం ఎఫ్‌బీఐకి 2,03,086 తనిఖీ అభ్యర్థనలు వచ్చాయి. విద్యార్థి వీసా మీద ఉన్నవారు మామూలుగా తుపాకీ కొనకూడదు. అయితే వేట లైసెన్సు ఉంటే కొనొచ్చన్న మినహాయింపు ఆ దేశ చట్టంలో ఉంది. మనవాళ్లలో కొందరు ఆ సందులోంచే వెళ్తున్నారు. జింకను ఎన్నడూ చూడని కుర్రాడు వేట లైసెన్సు తీసుకుంటాడు, సేల్‌లో రైఫిల్ కొంటాడు, భుజాన వేసుకున్న ఫొటో ఇంటికి పంపుతాడు. అమ్మ దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది. మేనమామ బొటనవేలు గుర్తు పెడతాడు.

2024 నవంబర్‌లో మన నగరం నుంచి వెళ్లిన ఒక విద్యార్థి, తన తుపాకీని శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడు. ఆ రోజు అతని పుట్టినరోజు. స్నేహితులు పక్క గదిలో ఉన్నారు. ఆ వార్త విన్న ప్రతి ఇంట్లో లేచే ప్రశ్న ఒక్కటే: అక్కడ పిల్లలకు తుపాకీ అంత తేలిగ్గా ఎలా ఇస్తారు? ఆ ప్రశ్నకు ఇక్కడ మనం బదులు చెప్పుకోవాలి. అక్కడ తేలిగ్గా ఇవ్వడాన్ని చూసి కుమిలిపోయిన మనమే, ఇక్కడ తేలిగ్గా దొరికితే బాగుండునని ఎలా కోరుకుంటాం?

ఎయిర్‌గన్ గురించి కూడా తల్లిదండ్రులకు ఒక మాట. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ శక్తి దాటని వాటికి లైసెన్సు అక్కర్లేదు. దాంతో పండగ ఆఫర్‌లో తెచ్చి ఏడో తరగతి పిల్లాడి చేతిలో పెడుతున్నారు. గగన్ నారంగ్, ఈషా సింగ్ ఈ నగరం నుంచే వెళ్లి పతకాలు తెచ్చారు, ఆ క్రీడను మేం గౌరవిస్తాం. కానీ వారు నేర్చుకున్నది రేంజ్‌లో, కోచ్ కళ్లెదుట. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కాదు. పెల్లెట్ కంటికి తగిలితే కన్ను పోతుంది. చిలుకను కొట్టినా వన్యప్రాణి చట్టం కింద నేరమే. గురి కుదిరాక పిల్లాడి చేయి ఊరుకోదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఒక్క రాత్రిలో సుమారు 20 వీధికుక్కల్ని కాల్చి చంపినవారు పెద్దవాళ్లు. తుపాకీ చేతిలో ఉంది కాబట్టి కోపాన్ని అలా తీర్చుకున్నారు.

ఆన్‌లైన్ ఆఫర్లలో ఎన్నో మోసాలే. అడ్వాన్స్ వేయించుకుంటారు, రవాణా ఖర్చంటారు, చివరికి బ్లాక్ చేస్తారు. మామూలు మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడ చేసి ఏమని చెబుతారు, అక్రమ తుపాకీ కొనబోయి మోసపోయానని చెబుతారా? ఆ మౌనం మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. కొందరైతే వెనక్కి తిరిగి, ‘నీ చాట్ పోలీసులకు ఇస్తాం’ అంటూ మళ్లీ డబ్బు గుంజుతారు. చవకగా వస్తోందని మొదలైన బేరం తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టేదాకా పోతుంది.

లైసెన్సు వ్యవస్థ కూడా కడిగిన ముత్యమేం కాదు. 2012 నుంచి 2016 మధ్య జమ్మూ కశ్మీర్‌లో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ దర్యాప్తు చేసింది. కాగితం కూడా బేరానికి దొరికితే ఇక అదుపెక్కడ? బయటి రాష్ట్రం లైసెన్సుతో ఇక్కడ తుపాకీ పట్టుకుని తిరిగే ప్రతి ప్రైవేటు గార్డు కాగితాన్నీ పోలీసులు సరిచూడాలి. పట్టుబడిన ప్రతి నాటు తుపాకీ కేసులో అమ్మినవాడి దగ్గర ఆగకుండా వాడి ఫోన్‌లో ధర అడిగిన ప్రతివాడి దాకా వెళ్లాలి. మా దగ్గరికి వచ్చిన స్క్రీన్‌షాట్‌ను పోలీసులకు అందజేశాం. ఆ నంబరు ఇంకా మోగుతూ ఉంటే మళ్లీ రాస్తాం.

చివరగా నాయకులకు. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్‌లో స్వాతంత్ర్య వజ్రోత్సవ ర్యాలీలో అప్పటి మంత్రి ఒకరు పోలీసు తుపాకీ అందుకుని, జనం మధ్యలో గాల్లోకి పేల్చారు. అది రబ్బరు తూటా అన్నారు. సభల్లో, పెళ్లిళ్లలో సరదాకు కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చట్టంలో చేర్చి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. ఇప్పుడు ఏ పార్టీ నాయకుడి పేజీ తెరిచినా గన్‌మెన్ల మధ్య స్లో మోషన్‌లో నడక, బెల్టుకు వేలాడే పిస్టల్, వెనక మాస్ పాట. దాన్ని చూసిన ఇరవై ఏళ్ల కుర్రాడు తుపాకీ అంటే హోదా అనుకుంటాడు, ఆ హోదా ముప్పై ఐదు వేలకు వస్తోందంటే చీప్ అనుకుంటాడు. వాడికి కౌన్సెలింగ్ ఇవ్వాలని మీరే వేదికలెక్కి చెబుతున్నారు. ముందు మీ ప్రొఫైల్ ఫొటోల్లోంచి ఆ తుపాకులు తీసేయండి. ఆ తరువాతే పిల్లలకు బుద్ధులు చెప్పడానికి రండి.