ఎండలో నీళ్లు పోస్తే ఆకులు కాలిపోతాయా?

వేసవి మొదలైతే చాలు, ఒక గార్డెన్ క్లబ్ పేరుతో అదే సందేశం మళ్లీ చక్కర్లు కొడుతుంది: "ఎండాకాలం తోటకు ఐదు సూత్రాలు". మధ్యాహ్నం నీళ్లు పోయొద్దు, ఆకులు కాలిపోతాయి. కుండీ అడుగున గులకరాళ్లు పరవాలి. వాడిన మొక్కకు వెంటనే ఎరువు వేయాలి. టమాటా కాయ అడుగు నల్లబడితే ఎప్సమ్ సాల్ట్ చల్లాలి. మట్టిని ఎండుటాకులతో కప్పాలి. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. మొక్కకు మాత్రం ఉద్దేశంతో పనిలేదు, నీళ్లతోనే పని.

నీటి చుక్క భూతద్దంలా ఆకును కాలుస్తుందన్న మాట వినడానికి అచ్చం సైన్సులాగే ఉంటుంది, అందుకే అంతగా నాటుకుపోయింది. హంగరీ పరిశోధకులు 2010లో దీన్ని పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద గాజు గోళీలు పెట్టి ఎండలో ఉంచితే ఆకులు కాలాయి. నీటి చుక్కలు పెడితే కాలలేదు. చుక్క గోళీలా నిలబడదు, ఆకు మీద పరుచుకుంటుంది. దాంతో కిరణాలన్నీ ఒకచోట చేరే బిందువు ఆకుకు బాగా దిగువకు పోతుంది. పైగా ఆ నీరు ఆకును చల్లబరుస్తుంది కూడా. చుక్కను ఆకుకు అంటనీయకుండా పైకెత్తి పట్టే నూగు ఉంటే మాత్రం కాలొచ్చు. నీటి మీద తేలే ఒక ఫెర్న్‌లో వాళ్లకు అది కనిపించింది.

పొద్దున్నే నీళ్లు పోయడం మంచిదే, కానీ దానికి కారణం నీరు తక్కువ ఆవిరవుతుందని. మట్టి పొడిబారి మొక్క తల వేలాడేస్తుంటే, ఆకులు కాలతాయన్న భయంతో సాయంత్రం దాకా ఆగడమే అసలు నష్టం. అప్పటికప్పుడే పోయండి. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చే వేడినీళ్లను మాత్రం పక్కకు వదిలేయండి. కాలడమంటూ ఉంటే వాటితోనే.

ఇక గులకరాళ్లు. స్పాంజి ఒకటి బాగా తడిపి, బల్లపరుపుగా పట్టుకోండి. కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. కుండీ మట్టీ అంతే: ఎత్తు తగ్గేకొద్దీ, ఉన్న మట్టిలో తడి నిలిచిపోయే వంతు పెరుగుతుంది. మట్టిలోని సన్నటి సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. పైనున్న మట్టి పూర్తిగా నానితే తప్ప ఆ నీరు రాళ్ల మధ్య పెద్ద ఖాళీల్లోకి దిగదు. అంటే 10 అంగుళాల కుండీలో 2 అంగుళాల రాళ్లు పోస్తే, కుళ్లబెట్టే తడి వేర్లకు 2 అంగుళాలు దగ్గరైనట్టే. రంధ్రం మీద చిన్న జాలిముక్క చాలు, అదీ మట్టి జారిపోకుండా. నీరు నిలవకూడదంటే మట్టి మిశ్రమాన్నే గుల్లగా కలుపుకోవాలి.

వాడిన మొక్కకు ఎరువా? వద్దు. ఎరువు లవణాలు మట్టిలో చిక్కబడితే వేర్లు నీరు పీల్చుకోవడమే కష్టమవుతుంది. ముందు మట్టిలోకి వేలు గుచ్చి చూడండి. లోపల తడిగా ఉండి ఆకులు మధ్యాహ్నం మాత్రమే వాడుతుంటే, వేర్లు అందించేదానికన్నా ఆకులు వదిలే నీరు ఎక్కువైందన్నమాట. అలాంటి మొక్క పొద్దు వాలాక తనంతట తానే లేస్తుంది. సాయంత్రానికీ లేవకపోతే వేరుకుళ్లేమో చూడాలి.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అందులో కాల్షియం బొత్తిగా లేదు. టమాటా అడుగు నల్లబడేది కాయకు కాల్షియం అందకే. మెగ్నీషియం ఎక్కువైతే వేర్ల దగ్గర కాల్షియానికే అడ్డుపడుతుంది కూడా! చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం వల్ల కాయ దాకా చేరదు, ఎందుకంటే అది నీటితోపాటే ప్రయాణిస్తుంది. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందవు. నల్లబడ్డ కాయలు బాగుపడవు, కోసేయండి. నీళ్లు క్రమంగా పోస్తే తర్వాతి కాయలు శుభ్రంగా వస్తాయి.

ఐదోది నిజం. ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి ఆనకుండా చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదిలి.