ఆగస్టులో కప్పు మనదే, అక్టోబరులో కోచ్‌ని పీకేయండి!

ఈ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులతో వేగడం నా వల్ల కావట్లేదు. ఆగస్టులో నోరు తెరిస్తే నేషనల్ ఛాంపియన్‌షిప్! ఒక్క మ్యాచ్ పోగానే కోచ్‌ని పీకేయాలి. రెండోది పోతే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) దండగ. నవంబరు వచ్చేసరికి "ఆరు గెలిస్తే చాలు, సీజన్ చివర ఏదో ఒక బౌల్ గేమ్ (ప్రత్యేక మ్యాచ్) దొరుకుతుంది" అంటారు. ఆ నోటితోనేగా మొన్న కప్పు మనదే అన్నారు?

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టునే చూడండి. 2023లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచినా ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో చోటివ్వలేదు. ఆ కోపం న్యాయమైనదే. మరుసటి ఏడాది పదో ర్యాంకుతో మొదలై, డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడి, చివరికి 12లో రెండే గెలిచింది. పెన్ స్టేట్ 2025లో రెండో ర్యాంకుతో దిగి, అప్పటిదాకా ఒక్కటీ గెలవని యూసీఎల్‌ఏ చేతిలో ఓడింది. అక్టోబరు సగం కాకముందే కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని సాగనంపారు. అసలు ఒక్క ఆటా ఆడకముందు ఇచ్చే ర్యాంకులు పట్టుకుని అంత వెర్రేంటి? ఎమ్మెస్‌కని వచ్చిన మన తెలుగు పిల్లలకూ ఇదే అలవాటవుతోంది.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. పాస్ జారవిడిచిన ఇరవయ్యేళ్ల కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్లి అమ్మనా బూతులు తిడతారు. సోమవారం వాడికి క్లాసుంటుంది, తెలుసా? మీ అంచనాలు తప్పితే వాడేం చేస్తాడు? వారం తిరక్కుండా వాడే టచ్‌డౌన్ కొడితే, తిట్టినవాళ్లే వాడి ఫొటో పెట్టుకుంటారు. సిగ్గుండక్కర్లేదా?