తెలుగోళ్ళకి మాస్ తప్ప ఇంకేదీ ఎక్కదట!

ఈ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఫ్యామిలీ గ్రూపుల నుంచి ఆఫీసు గ్రూపుల దాకా ఎక్కడ చూసినా అదే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: తెలుగు ప్రేక్షకుడికి నాలుగు ఫైట్లు, ఒక ఐటెం సాంగు, స్లో మోషన్‌లో హీరో నడక ఉంటే చాలు, వేరే జానర్ ఏదీ ఎక్కదు. మంచి సినిమా కావాలంటే మలయాళం చూసుకోవాలి. మన దగ్గర పొరపాటున మంచిది వచ్చినా థియేటర్లో ఆడదు, ఓటీటీలోకి వచ్చాక కల్ట్ అంటాం. పెద్ద హీరో ఉంటే మాత్రం చెత్త కూడా ఆడేస్తుంది. దాని కింద వరసగా చప్పట్లు, కొట్టేవాళ్ళందరూ తెలుగోళ్ళే!

"వేరే జానర్ ఏదీ ఎక్కదు" అన్నదాని దగ్గర మొదలెడదాం. 1951లో పాతాళ భైరవి జానపదం, 1955లో మిస్సమ్మ అచ్చమైన హాస్యం, 1957లో మాయాబజార్ పౌరాణికం. మూడూ విజయా సంస్థ వాళ్ళవే, మూడింట్లోనూ ఎన్టీఆరే, మూడింటినీ జనం నెత్తిన పెట్టుకున్నారు. సరే, అవి పాత రోజులు, అప్పటి జనం వేరు అంటారా? 1971లో కృష్ణ మోసగాళ్ళకు మోసగాడు తీశాడు. ఆంధ్రాలో కౌబాయ్‌లు ఎక్కడున్నారండీ, రాజస్థాన్ ఎడారికి వెళ్ళి గుర్రాలు, తుపాకులు, టోపీలతో తీసుకొస్తే జనం లాజిక్ అడగలేదు, టికెట్టు కొన్నారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు టైమ్ మెషీన్ ఎక్కించి కృష్ణదేవరాయల కాలానికీ, అక్కడి నుంచి భవిష్యత్తుకీ తిప్పితే బాలకృష్ణ అభిమానులు "మాకు ఫైట్లు తక్కువయ్యాయి" అని గొడవ చేయలేదు. ఆదిత్య 369ని 2025లో మళ్ళీ థియేటర్లకు తెచ్చారంటే ఊరికే తేలేదు కదా. 2009లో అరుంధతికి పేరున్న హీరోయే లేడు, ఉన్నది అనుష్క, ఒక కోట, ఒక దెయ్యం. 2021లో ప్రశాంత్ వర్మ కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీలను దింపాడు. జాంబీ రెడ్డి అనే పేరు మొదటిసారి విన్నప్పుడు నవ్వనివాళ్ళు ఎంతమందో నాకైతే అనుమానమే, కానీ సినిమా ఆడింది.

ఇక్కడ ఒక జంట సినిమాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పోస్టు రాసినాయన వాటిలో ఒకదాన్నే సాక్ష్యంగా చూపించాడు. 2018లో వచ్చిన అంతరిక్షం ఆడలేదు కాబట్టి మనవాళ్ళకి సైన్స్ ఫిక్షన్ రాదు, ఎక్కదు అని ఆయన తేల్చేశాడు. అదే దర్శకుడు సంకల్ప్ రెడ్డి 2017లో ఘాజీ తీశాడు, దాని ఊసే లేదు. సినిమాలో ఎక్కువ భాగం సబ్‌మెరైన్ లోపలే, పాటల్లేవు, ప్రేమకథ లేదు, అయినా ఆడింది, జాతీయ అవార్డూ వచ్చింది. ఒకే దర్శకుడు, ఒకే రకం ప్రయత్నం, ప్రేక్షకులూ వాళ్ళే, మరి ఫలితం ఎందుకు మారింది? నా అభిప్రాయం చెప్తాను. ఘాజీలో ప్రమాదం ఎటు నుంచి వస్తోందో, లోపల ఉన్నవాళ్ళకి ఇంకేం దారి మిగిలిందో ప్రతి పది నిమిషాలకీ మనకి తెలుస్తూ ఉంటుంది, అందుకే కుర్చీ చివర కూర్చుంటాం. అంతరిక్షం సినిమాలో హీరో ఏది అనుకుంటే అది అయిపోతూ ఉంటుంది, ఇంక టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? అంటే ప్రేక్షకుడు తిప్పికొట్టింది జానర్‌ని కాదు. ఆ జానర్ పేరు చెప్పి తీసుకెళ్ళి, అది ఇవ్వకుండా పంపిన సినిమాని.

ఇక మలయాళం సంగతి. వాళ్ళు బాగా తీస్తారు, అందులో నాకు పేచీ లేదు. ప్రేమలు, మంజుమ్మల్ బాయ్స్ 2024లో తెలుగులో డబ్ అయి వస్తే థియేటర్‌కి వెళ్ళి చూసింది ఎవరు, "మాస్ తప్ప ఏదీ ఎక్కని" ఈ జనమే కదా. పైగా ప్రేమలు కథ చాలామటుకు జరిగేదే హైదరాబాద్‌లో. కానీ మన దాకా వచ్చే మలయాళం సినిమాలు అక్కడ వడపోతలో మిగిలినవి. 2024లో కేరళలో దాదాపు 200 సినిమాలు విడుదలైతే లాభాలు చూసినవి 30 లోపేనని అక్కడి నిర్మాతల సంఘమే చెప్పుకుని బాధపడింది. ఆ మిగతా 170 మనం చూడం, అందుకే అక్కడ అన్నీ ఆణిముత్యాలే అనిపిస్తాయి. ఏ కొచ్చిన్ కుర్రాడో కేరాఫ్ కంచరపాలెం, బలగం, కోర్ట్ మాత్రమే చూసి ఊరుకుంటే తెలుగోళ్ళంత నిజాయితీగా తీసేవాళ్ళు లేరనే అనుకుంటాడు. ఇంకో మాట, వంద కోట్లు దాటిన మొదటి మలయాళ సినిమా ఏ కంటెంట్ సినిమానో కాదు, మోహన్‌లాల్ పులులతో తలపడే పులిమురుగన్, 2016. మన దగ్గర మన్యం పులిగా వచ్చింది. అన్నట్టు, అల్లు అర్జున్‌కి మల్లు అర్జున్ అని పేరు పెట్టుకున్నది కూడా వాళ్ళే, ఆయన డబ్బింగ్ డ్యాన్సులు చూసి మరీ.

"మంచిది థియేటర్లో ఆడదు" అన్నదాంట్లో సగం నిజం ఉంది, కాబట్టి అది కాస్త జాగ్రత్తగా చూడాలి. 1980లో శంకరాభరణం: రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసే నాటక కళాకారుడు జె.వి.సోమయాజులు ముఖ్యపాత్ర, కథంతా శాస్త్రీయ సంగీతం. అది ఎలా ఆడిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. 2023లో బలగం వస్తే తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు, చావింట్లో కాకి ముట్టలేదన్న కథ చూసి ఏడ్చారు. 2025లో కోర్ట్ సినిమాకి ప్రియదర్శి, శివాజీ, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం మీద వాదనలు, అంతే సరంజామా. ఇక కల్ట్ మాటకొస్తే, వచ్చినప్పుడు పోయి తర్వాత మోసినవాటిలో ఖలేజా, ఆరెంజ్ రెండూ 2010వే, రెండింట్లోనూ స్టార్లే. అంటే ఆలస్యంగా తలకెక్కించుకోవడం మన అలవాటే, కానీ అది చిన్న సినిమాల మీద మనకున్న పగ కాదు.

అయితే చిన్న సినిమాకి నిజంగా దెబ్బ తగిలేది ఎక్కడంటే, థియేటర్ల దగ్గర. 2024 సంక్రాంతికి గుంటూరు కారం, హనుమాన్ ఒకే రోజు, జనవరి 12న వచ్చాయి. హైదరాబాద్‌లో హనుమాన్‌కి మొదట దొరికిన సింగిల్ స్క్రీన్ థియేటర్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జనం అడిగీ అడిగీ షోలు పెంచాక ఆ పండక్కి పెద్ద హిట్ అదే అయింది. హనుమాన్‌కి పండగ సీజన్, దేవుడి పేరు కలిసొచ్చాయి కాబట్టి నిలబడింది. మామూలు శుక్రవారం వచ్చిన చిన్న సినిమాకి దొరికేది ఒక మ్యాట్నీ, బాగుందన్న మాట మన చెవిన పడి, ఇంట్లో అందరికీ వీలు కుదిరి, ఆదివారం వెళ్దామనుకునేసరికి అది ఎత్తేసి ఉంటుంది. నలుగురు వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్ కలిపి ఎంతవుతుందో అందరికీ తెలిసిందే, ఆ డబ్బుతో నెలకి ఒకటే చూడగలిగితే దేన్ని ఎంచుకుంటారు? ఈ సంగతులన్నీ వదిలేసి "ప్రేక్షకుడికి టేస్టు లేదు" అనడం సులువు.

పెద్ద హీరో ఉంటే ఏదైనా ఆడుతుందన్నది మాత్రం ఒక్క పేరాకి మించి సమయం పెట్టదగ్గది కాదు. ఆచార్యలో చిరంజీవి, రామ్ చరణ్, తండ్రీకొడుకులు ఇద్దరూ ఉన్నారు, అయినా ఆడలేదు. ఏజెంట్ పోయాక పూర్తి స్క్రిప్టు లేకుండా దిగడం తప్పేనని నిర్మాతే బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2025 సంక్రాంతికి గేమ్ చేంజర్ ముందొచ్చింది, నాలుగు రోజుల తర్వాత సంక్రాంతికి వస్తున్నాం వచ్చింది, పండగ ఎవరిదైందో చూశాం. స్టార్ ఇచ్చేది తెల్లవారుజాము షో, సోమవారం మ్యాట్నీ కాదు.

ఈ ఆఖరి ఉదాహరణ చెప్తే "అది కామెడీ కదా, కంటెంట్ కాదు" అంటారని తెలుసు. పోస్టులో కామెడీ అన్న మాటే లేదు, నాకు బాగా మండింది అక్కడే. జంధ్యాల, వంశీ, ఈవీవీ తీసినవన్నీ టైంపాస్ కింద జమకట్టి, నవ్వకుండా మూడు గంటలు చీకట్లో మెల్లగా నడిచేదే సినిమా అనుకుంటే ఎలా? 1987లో అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. పిసినారితనం గురించి అంత పొదుపుగా చెప్పిన సీన్ ఇంకోటి చూపించండి. ఆ పోస్టు కింద ఒప్పుకుంటూ స్టిక్కర్లు పెట్టినవాళ్ళలో సగం మంది పెట్టింది బ్రహ్మానందం బొమ్మలే.

తెలుగు సినిమాని తిట్టాలనే ఉంటే తిట్టదగ్గ చోటు వేరే ఉంది, ఆయన అటు చూడలేదు. పిల్లల కోసం తీసే సినిమా. 1996లో గుణ్ణం గంగరాజు తీసిన లిటిల్ సోల్జర్స్ తర్వాత ఆ స్థాయిలో ఏవి అంటే ఆలోచించాలి. ఎనిమిదేళ్ళ పిల్లకి చూపించడానికి ఈ వారం థియేటర్లో ఏముందో వెతికితే రక్తం కారే పోస్టర్లు, లేదంటే హాలీవుడ్ యానిమేషన్ డబ్బింగ్. జనం చూడలేదు అనడానికి కూడా వీల్లేదు, తీస్తే కదా.