కౌసర్: కాక్‌పిట్ కొత్తది, ఒళ్లు పాతది

'ఇరాన్ కౌసర్ నూటికి నూరుపాళ్లు స్వదేశీ, నాలుగో తరం ఫైటర్, ఎఫ్-16కి సమఉజ్జీ.' 2018 ఆగస్టులో నాటి అధ్యక్షుడు రౌహానీ ఆ విమానం కాక్‌పిట్‌లో కూర్చున్న ఫొటోతో బయల్దేరిన ఈ మాట ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

స్వదేశీ సంగతి ముందు. రెక్కల కొసల్లో క్షిపణి పట్టాలు, వెనక పక్కపక్కనే రెండు సన్నని నాజిల్స్, ఒకదాని వెనక ఒకటిగా రెండు సీట్లు. ఇది అమెరికా నార్త్రాప్ వారి ఎఫ్-5ఎఫ్ ఆకారమే. అది తొలిసారి ఎగిరింది 1974లో. 1979 విప్లవానికి ముందు ఇరాన్‌ను ఏలిన షా ప్రభుత్వం అమెరికా నుంచి ఎఫ్-5లను పెద్ద సంఖ్యలో కొన్నది. ఆ తర్వాత విడిభాగాలు ఆగిపోయాయి. కాపీ కొట్టడం నేర్చుకోక తప్పలేదు. ఇరాన్ విమానాలైన అజరఖ్ష్, రెండు నిలువు తోకల సాయెఖే, ఇప్పుడు కౌసర్, అన్నీ ఆ తీగకు కాసినవే. (రెండు తోకలున్నంత మాత్రాన అమెరికా ఫైటర్ ఎఫ్-18 అయిపోదు. తమాషా ఏమిటంటే, ఎఫ్-18 వంశం కూడా వెనక్కి వెళ్తే ఎఫ్-5 దగ్గరే తేలుతుంది.)

'నాలుగో తరం' (ఎఫ్-16 కాలపు ఫైటర్ల వర్గం) దగ్గర మాత్రం లెక్క చూడాల్సిందే. ఎఫ్-5ఎఫ్‌లోని జె85-21 టర్బోజెట్ ఇంజన్ ఒక్కోటి ఆఫ్టర్‌బర్నర్‌తో (వెనక అదనపు ఇంధనం మండించి) ఇచ్చే తోపు, అంటే ముందుకు నెట్టే బలం, సుమారు 2,270 కిలోలు. రెండూ కలిపి 4,540. విమానం గరిష్ఠ బరువు 11 టన్నుల పైచిలుకు. అంటే బరువులో తోపు 0.4 వంతు. తొలి ఎఫ్-16లో ఒక్క ఇంజనే 10,800 కిలోలు తోస్తుంది, గరిష్ఠ బరువు 16 టన్నులు. వంతు 0.67. డిజిటల్ తెరలు ఎన్ని పెట్టినా ఈ తేడా పూడదు. ఏటవాలుగా పైకెక్కేటప్పుడు, గట్టి మలుపులో వేగం పడిపోయేటప్పుడు ఇదే బయటపడుతుంది.

రాడార్‌కూ ఇదే తంటా. ఎఫ్-5 ముక్కు సన్నం. లోపల పెద్ద యాంటెన్నా పట్టదు, చిన్నదైతే రాడార్ చూసే దూరం తగ్గుతుంది. అయినా దారి మూసుకుపోలేదు: బ్రెజిల్ తన ఎఫ్-5లకు ఇటలీ గ్రిఫో రాడార్, ఇజ్రాయెల్ డెర్బీ క్షిపణి అమర్చుకుంది. ఒక ఫిరంగిని మాత్రం వదులుకుంది. దాన్ని ఆధునికీకరణ అన్నారు, కొత్త విమానం అనలేదు.

ఇక ఎదుటివాళ్లు అనే 'పాత విమానానికి రంగు పూశారు, అంతే' కూడా తప్పే. 2016లో ఇరాన్ చూపిన ఔజ్ జెట్ ఇంజన్ జె85 నమూనాదే కావచ్చు. కానీ గాలిని నొక్కే తొమ్మిది అంచెల కంప్రెసర్, ఎర్రగా కాలే వేడిలోనూ సాగిపోకుండా నిలవాల్సిన టర్బైన్ రెక్కలు, ఇవి బొమ్మ చూసి చేసేవి కావు. మన తేజస్ ఫైటర్ కోసం మొదలెట్టి, అనుకున్నంత తోపు రాని కావేరీ ఇంజన్‌ను 2008లో ఆ విమానం నుంచి ఎందుకు విడదీశారో తెలిసినవాళ్లు ఈ పనిని చులకన చేయరు.