గోడెక్కిన పసుపు స్టిక్కీ నోటు గారికి

మహారాజశ్రీ స్టిక్కీ నోటు గారికి,

ఉభయకుశలోపరి. కొత్త ఐడియాల వర్క్‌షాపు పేరుతో మీటింగు రూము గోడ మీద మీరూ మీ బంధువర్గమూ కలిసి ఎనభై మంది దాకా కొలువుదీరారు. ఏసీ గాలికి కింది వరుస వాళ్లు అప్పుడే తోక పైకెత్తారు. అందులో మీ తప్పేం లేదు లెండి. కట్ట నుంచి తీసేటప్పుడు కింది నుంచి పైకి లాగితే కాగితం వంకర తిరుగుతుంది. జిగురు పట్టీ వెంట పక్కకి లాగాలి. చేతిలో ఉన్న కాగితాన్ని సరిగ్గా లాగడం రాని వాళ్లే వ్యాపారంలో విప్లవం తెస్తామని మిమ్మల్ని గోడెక్కించారు.

మీ మీద రాసిందేమిటి? 'కస్టమర్ డిలైట్', 'ఏఐ వాడాలి', 'యాప్?'. మొత్తం గోడ మీద నిజాయితీ ఉన్నది ఆ ప్రశ్నార్థకానికే. తర్వాత ఓటింగు, నచ్చిన ఐడియాల మీద అంటించమని తలకి మూడు రంగు చుక్కలు. డైరెక్టరు గారి చుక్క ఎక్కడ పడిందో చూసుకుని మిగతా చుక్కలన్నీ అక్కడికే చేరాయి. నలుగురితో నారాయణ! (ముందు ఎవరికి వారు చీటీ మీద రాసుకుని, పెద్దాయన చుక్క చివర్లో పెడితే ఈ రోగం సగం తగ్గుతుంది. పెద్దాయనకి ఆ మాట చెప్పేదెవరన్నది వేరే వర్క్‌షాపు.) గెలిచిన ఐడియాకి అక్కడికక్కడే పేరు, లోగో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. గోడని ఫోన్లో ఫోటో తీసుకుని అందరూ భోజనానికి లేచారు.

మరి మీ పుట్టుక మాటేమిటి? 1968లో అమెరికన్ కంపెనీ 3ఎం ల్యాబ్‌లో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త గట్టి జిగురు కోసం పనిచేస్తుంటే, అంటీ అంటనట్టుండే జిగురు తయారైంది. అంటుతుంది, ఊడుతుంది, మళ్లీ అంటుతుంది. దేనికి పనికొస్తుందో ఎవరికీ తోచలేదు. ఆయన ఏళ్ల తరబడి కంపెనీలో కనిపించిన వాళ్లకల్లా దాని గురించి చెబుతూనే ఉన్నారు. 1974లో అదే కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఫ్రైకి చర్చి పాటల పుస్తకంలో పెట్టిన గుర్తు కాగితాలు జారిపోతుంటే ఆ జిగురు గుర్తొచ్చింది. ఇప్పటి లెక్కలో అయితే ఇక్కడే చప్పట్లు. అసలు తలనొప్పి అప్పుడే మొదలైంది. జిగురు మీ వీపున నిలవకుండా పేజీకి అంటుకుపోయేది. కాగితానికి ముందుగా జిగురుని పట్టి ఉంచే ప్రైమర్ పూత ఒకటి వేస్తే గానీ దారికి రాలేదు. ఒక అంచుకే సమంగా జిగురు పూసే యంత్రం లేదు, దాన్నీ తయారు చేసుకోవాల్సి వచ్చింది. 1977లో అమెరికాలో నాలుగు నగరాల్లో అమ్మకానికి పెడితే జనం పెద్దగా పట్టించుకోలేదు. వాడి చూడని మనిషికి మీ అవసరం తెలిసేదెలా? మరుసటి ఏడు బాయిసీ నగరంలో ఆఫీసులకి ఊరికే పంచారు. వాడినవాళ్లలో నూటికి 90 మందికి పైగా డబ్బిచ్చి కొంటామన్నారు. అమెరికా అంతటా అమ్మకాలు మొదలయ్యేసరికి 1980. ఆ పన్నెండేళ్లలో ఏ రోజు చుక్కల ఓటింగు పెట్టినా మీకు డిపాజిట్ దక్కేది కాదు.

అందుకే మీకో మనవి. ఒక్కసారి వెనక్కి తిరగండి. 3 అంగుళాల చదరం, బోలెడు ఖాళీ. అక్కడ రాయాల్సింది ముందు ఒక మనిషి పేరు. టీమ్ పేరు చెల్లదు. ఆ మనిషికి వారంలో రెండు రోజులు ఏ పాత పని తీసేశారో కూడా రాయాలి, లేకపోతే ఆ పేరు అలంకారమే. దాని కింద, ఈ వస్తువు లేక కస్టమర్ ఇప్పుడు ఏం చేసి నెట్టుకొస్తున్నాడో ఒక వాక్యం. ఏమీ చెయ్యడం లేదంటే అది అతనికి పెద్ద బాధ కాదేమో అని అనుమానించాలి. ఆ తర్వాత, ఏ ఒక్క నమ్మకం తప్పైతే మొత్తం కూలిపోతుందో అది. దాన్ని రెండు వారాల్లో, వస్తువు పూర్తిగా తయారు చెయ్యకుండానే పరీక్షించే దారి.

అన్నిటికన్నా ముఖ్యం ఆగే అంకె. ఇరవై మందిని అడిగితే కనీసం ఐదుగురు అడ్వాన్సు కట్టాలి, అంతకన్నా తగ్గితే ఆపెయ్యాలి అనుకోండి. ఆ మాట పరీక్షకి ముందే రాసి పెట్టాలి. తర్వాత రాస్తే ఇద్దరు కూడా 'ప్రోత్సాహకరమైన స్పందన' అవుతారు. ఊరికే 'బాగుందా?' అని అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. పర్సులో చెయ్యి పెట్టేటప్పుడు మొహమాటం ఉండదు.

పైలట్, అంటే ఒకరిద్దరు కస్టమర్ల దగ్గర చేసే ట్రయల్, సంగతి మీకు తెలియనిది కాదు. కంపెనీలో అందరికన్నా తెలివైన ఇంజనీరు కస్టమర్ పక్కనే కూర్చుని, పైసా తీసుకోకుండా నడిపిస్తాడు. నడవక ఏం చేస్తుంది! అదే వస్తువుని మామూలు సేల్స్‌మన్ అమ్మి, మామూలు సర్వీసు మనిషి చూసుకున్న రోజున కుప్పకూలుతుంది. పైగా సేల్స్‌మన్‌కి పాత సరుకు మీద కమీషన్ ఒక్క ఫోన్‌తో వస్తుంది, కొత్తదానికి ఆరుసార్లు తిరగాలి. కమీషన్ లెక్క మార్చకుండా కొత్త సరుకు బ్యాగులో పెడితే అది బ్యాగులోనే ఉంటుంది. పది ముక్కలు చేత్తో చేసిన ఖర్చుని పట్టుకుని పదివేల ముక్కల ధర ఊహించే ఎక్సెల్ షీటు గురించి చెప్పడం మొదలుపెడితే మీ కట్ట మొత్తం చాలదు.

ఇవేవీ రాయని పక్షంలో గోడ మీద మీరు గోడకేసిన సున్నంతో సమానం.

ఇట్లు,
ఫోటోలో మిగిలిపోయిన ఐడియాల తరఫున ఒక విధేయుడు

తా.క.: మూడో వరుసలో ఎడమ పక్కన చుక్క ఒక్కటీ పడని మీ తమ్ముడొకడున్నాడు. 'బిల్లులో ఆర్డర్ నంబరు లేదని కస్టమర్లు వెనక్కి పంపుతున్నారు' అని పూర్తి వాక్యం రాసి ఉంది. రాసింది బిల్లింగ్ సెక్షన్ వాళ్లయి ఉంటారు, పేరు లేదు. గది ఊడ్చేవాళ్లు సాయంత్రం ఆరింటికి వస్తారు. అందాకా ఊడిపోకుండా చూడండి.