శరీర తత్వం ఒక్కటే కారణం కాదు
ఆడవాళ్లు ఎక్కువకాలం బతకడానికి కారణం శరీర తత్వమేనని వ్యాసంలో రాశారు. కొంతవరకు నిజమే, కానీ అదొక్కటే అయితే అన్ని దేశాల్లో తేడా ఒకేలా ఉండాలి కదా. నెదర్లాండ్స్‌లో ఆ తేడా 3 ఏళ్లు, రష్యాలో దాదాపు 10. 1985లో అప్పటి సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్యాన్ని కట్టడి చేస్తే రెండేళ్లకే అక్కడి మగవాళ్ల సగటు ఆయుర్దాయం 65కి దగ్గరైంది. సోవియట్ యూనియన్ కూలాక, 1994లో 58 కంటే కిందికి పడిపోయింది. అంత తొందరగా శరీరాలు మారవు, మారింది తాగుడూ, బతుకు మీద టెన్షనూ. మన దేశంలోనైతే 1970ల్లో కూడా ఆడవాళ్ల ఆయుర్దాయమే తక్కువ. మా అమ్మమ్మ అక్కచెల్లెళ్లు నలుగురిలో ఇద్దరు పురిట్లోనే పోయారు. ఇప్పుడు మా వీధిలో యాభై దాటకుండా పోయినవాళ్లంతా మగవాళ్లే, అందులో ముగ్గురికి తాగి తాగి లివర్ పాడైంది.